చెడుగుడు మానేసినవాడి ఒళ్ళు

మా ఇంట్లో తూకం యంత్రం ఎప్పుడూ లేదు. మా రెండోవాడి బరువు సంగతి నాకు చెప్పింది వాడు పడుకునే నవారు మంచమే. వాడు ఆడుతున్న రోజుల్లో ఏడాదికోసారి, ఎండాకాలంలో, నవారు విప్పి ఉతికి ఆరేసి మళ్ళీ బిగించేదాన్ని. మళ్ళీ ఎండలు వచ్చేదాకా దాని జోలికి పోనక్కర్లేకపోయేది. వాడు ఆట మానేసిన ఏడాది మాత్రం వానాకాలం సగంలోనే మంచం ఉయ్యాలలా కిందికి దిగింది. బిగించాను. దీపావళి వచ్చేసరికి మళ్ళీ దిగింది. నవారు పాతబడిపోయిందని, కొత్తది తెప్పించమని కోడలు అంది. ఉన్నదాన్ని పారేయడం నాకు చేతకాదు. అరుగు మీద వెలుతుర్లో పరిచి పోగుపోగూ చూశాను. నవారు గట్టిగానే ఉంది. దాని మీద పడుకునేవాడిలోనే ఏదో మారింది.

మా వాడు చెడుగుడులో మూల కాసేవాడు. కూత పెట్టుకుంటూ వచ్చినవాడి మడమ దొరకబుచ్చుకొని, వాడు గీత చేరకుండా ఆపడం ఆ చోట నిలబడేవాడి పని. కూతకి వెళ్ళేవాడు సన్నగా ఉన్నా నడుస్తుంది, పట్టేవాడు మాత్రం బరువుగా ఉండాలి. మా వైపు తీర్థాల్లో, అంటే జాతరల్లో, జరిగే పోటీల్లో మనిషిని తూచి లోపలికి పంపేవాళ్ళు లేరు. ఎంత బరువుంటే అంత మేలు.

వాడు పుట్టుకతో లావు మనిషి కాదు. పదో తరగతి దాకా కొబ్బరీనెలా ఉండేవాడు. ఆ ఒళ్ళు ఊరు కలిసి చేసిన ఒళ్ళు. పోటీలు దగ్గరపడితే ఇళ్ళవాళ్ళు వంతులేసుకునేవారు. ఒక ఇంట్లో కోడికూర, ఒక ఇంట్లో గుడ్లు, ఇంకో ఇంట్లో చెంబుడు గేదెపాలు. వంతు తప్పిస్తే ఆ ఇంటివాళ్ళకి చిన్నతనం. ఇంట్లో నేను తవ్వెడు బియ్యం వాడొక్కడికే పోసేదాన్ని. పళ్ళెం ముందు కూర్చుని వాడు చేత్తో మెతుకులు తిప్పుతూ, "అమ్మా, ఆకలి లేదే," అనేవాడు.

"ఆకలితో నీకేం పని? కూర్చున్నావుగా, తిను," అనేదాన్ని.

ఆకలి లేకుండా తినడం కూడా వాడి ఆటలో భాగమే. పరుగులాగే, పట్టులాగే అది కూడా సాధన చేసి నేర్చుకున్నాడు.

ఒక శివరాత్రి తీర్థంలో వాడి కుడి మోకాలు తిరిగిపోయింది. కొబ్బరి బొండమంత వాచింది. కట్లు, నూనెలు, పసర్లు అన్నీ అయ్యాక, ఇక బరిలోకి దిగొద్దన్నారు. అప్పటికి వాడికి ముప్పై దాటింది. ఆట అలా ఆగింది. ఆ తర్వాత ఆ ఒంట్లో జరిగినవి రోజూ నా కళ్ళ ముందే జరిగాయి. ఇన్నేళ్ళలో ఎన్నో పురుళ్ళు పోశాను, ఎన్నో దూడల్ని పెంచాను గానీ ఒక మనిషి ఒళ్ళు అలా తిరగబడడం ఎప్పుడూ చూడలేదు.

మొదట పోయింది మెడ. ఎద్దు మూపురంలా ఉండే వెనక భాగం మెత్తబడి, చొక్కా కాలరు మీదికి మడత పడింది. అరచేతుల్లో కాయలు రాలిపోయి కొత్త చర్మం వచ్చింది. మడమలు పట్టీ పట్టీ వంకరపోయిన చిటికెన వేళ్ళు మాత్రం అలాగే ఉండిపోయాయి. పొట్ట ముందుకొస్తుంటే తొడలు సన్నబడ్డాయి. ఈ సంగతి నాకు బట్టలు కుడుతుంటే తెలిసింది. ఒకే ప్యాంటుకి నడుము దగ్గర కుట్టు విప్పాలి, తొడల దగ్గర కొత్త కుట్టు వెయ్యాలి. మనిషి లావవుతున్నాడా, చిక్కుతున్నాడా? కోడల్ని అడిగాను.

"రెండూనండీ అత్తయ్యగారు. కింద చిక్కుతున్నారు, పైన లావవుతున్నారు," అంది.

గురక కూడా మొదలైంది. మంచం కింద పడుకునే పిల్లి వంటింటి గుమ్మంలోకి మకాం మార్చేసింది. లేచి నిలబడితే మోకాళ్ళలో ఎండు కొబ్బరిమట్ట విరిచిన చప్పుడు. పీట మీద కూర్చోలేక అరుగు మీద కాళ్ళు వేలాడేసుకుని తినేవాడు. కానీ ఆకలి మాత్రం వేళ తప్పేది కాదు. ఆడేటప్పుడు తోసి తోసి తినిపించిన పొట్ట, ఆట ఆగాక తనంతట తనే అడగడం మొదలుపెట్టింది. అప్పట్లో లేని ఆకలి ఇప్పుడెక్కణ్ణించి వచ్చిందో నాకు అంతు చిక్కలేదు.

ఒకరోజు బియ్యం కొలుస్తుంటే కోడలు పక్కకొచ్చి నిలబడింది. మా కోడలు మాట తక్కువ మనిషి. అన్నదంటే మాత్రం సూటిగా ఉంటుంది.

"మనింట్లో ఎద్దులున్నప్పుడు, దుక్కులు అయిపోయాక ఉలవలు తగ్గించేవారని చెప్పారు గదండీ?"

"అవును. పని లేని ఎద్దుకి ఉలవలు పెడితే చెడుతుంది."

"ఆయ్," అని నా చేతిలో తవ్వ వైపు చూసి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ పూట తవ్వ మీద గుట్టని చేత్తో తీసేసి, తల కొట్టి కొలిచాను. అయితే అప్పటికి వాడి తిండి మా ఇంటి తవ్వ ఒక్కదానితోనే తేలేది కాదు. ఆ సంగతి తర్వాత తెలిసింది.

వాడు ఆడుతున్న ఏళ్ళన్నీ మా పొలం కౌలుకే ఉంది. దాళ్వా, అంటే రెండో పంట, కోతలయ్యాక, చైత్రంలో, కౌలురైతు ఎప్పటిలాగే వచ్చి అరుగు చివర కూర్చున్నాడు. నెమ్మదస్తుడు. మా ఆయన పోయినప్పటి నుంచి మా గట్లు చెదరకుండా చూసుకున్నవాడు.

"వచ్చే వానాకాలం సార్వాకి కూడా నన్నే ఉండమంటారాండీ అమ్మగారూ?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపు మా వాడన్నాడు, "ఈసారి నేనే చేసుకుంటాను."

కౌలురైతు వాడి ముఖం చూశాడు, పొట్ట చూశాడు, అరుగు మీంచి వేలాడుతున్న కాళ్ళు చూశాడు. మర్యాద తప్పలేదు. "ఆయ్, మీ పొలం మీరు చేసుకుంటే అంతకన్నానా బాబుగారూ! ఒకసారి గట్టు మీదికి రండి. ఏ మడి ఎలా ఉందో చూపించి అప్పజెప్తాను," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే వెళ్ళారు. వెనకాల నేనూ వెళ్ళాను. మా చేల గట్లు సన్నం, రెండు పాదాలు పక్కపక్కన పెట్టడానికి చోటుండదు. కౌలురైతు ముందు కాకిలా నడిచిపోతున్నాడు. వెనక మా వాడు ఒక్కో అడుగూ వేస్తుంటే గట్టు అంచులు పెళ్ళలుగా ఊడి పడుతున్నాయి. పల్లపు చేను మలుపు దగ్గర కుడికాలు పక్కకి జారింది. మోకాలు ఆపలేదు. గట్టు పక్క నీటి బోదెలోకి వెల్లకిలా పడ్డాడు. బోదెలో అడుగున మిగిలిన బురదనీళ్ళు రెండు పక్కలకీ ఎగిరి పడ్డాయి. ఒకప్పుడు మనుషుల్ని మడమ పట్టి కూలేసినవాణ్ణి పైకి లాగడానికి కౌలురైతూ, పక్క చేలోవాళ్ళూ కలిసి పట్టాల్సి వచ్చింది.

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేదేమో. కౌలురైతు వాడి వీపు మీద బురద తన తువ్వాలుతో తుడుస్తూ, "కాలవకి నీళ్ళొదిలేదాకా ఆగుతానండి బాబుగారూ. నీళ్ళొచ్చాక నారుమడి వెయ్యాలి గదండీ, అప్పుడు మాత్రం మాట చెప్పెయ్యాలి," అన్నాడు.

ఆ రోజు వాడు నూతి దగ్గర చాలాసేపు కాళ్ళు కడుక్కున్నాడు. నేను తువ్వాలు తీసుకెళ్ళాను.

"అమ్మా, ఊళ్లో ఎవరు కనబడినా ఫలానా తీర్థంలో ఫలానా వాణ్ణి ఎలా పట్టావనే అడుగుతారు. ఇప్పుడేం చేస్తున్నావని ఒక్కడూ అడగడు," అన్నాడు. "పొలం కూడా చెయ్యలేనంటే ఇక నేను చెప్పుకోడానికి ఏం ఉంటుంది?"

"చెప్పుకోడం తర్వాత. ముందు గట్టు మీద నిలబడు," అన్నాను.

కాలవలు కట్టేసిన రోజులవి. నీళ్ళొచ్చేది తొలకరికి. ఆ లోపు ఈ ఒళ్ళు గట్టు మొయ్యగలిగేంత తగ్గాలి, లేకపోతే పొలం ఇంకో ఏడాది కౌలుకే.

రాజమండ్రిలో ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన మోకాలు అటూ ఇటూ వంచి, బరువు తగ్గితే గానీ ఏ మందూ పనిచెయ్యదన్నాడు. లేచి రాబోతూ, ఎన్నాళ్ళుగానో నన్ను తొలుస్తున్న ప్రశ్న అడిగేశాను.

"ఒక్క మాటండీ డాక్టరుగారూ. వీడి ఒంట్లో అంత కండ ఉండేది. అదే మెత్తబడి ఇలా అయిందా, లేక అది పోయి ఇది వచ్చిందా?"

ఆయన కలం పక్కన పెట్టాడు. "అది పోయి ఇది వచ్చిందండి. పని లేకపోతే కండ కరిగిపోతుంది. తిండి తగ్గకపోతే కొవ్వు చేరుతుంది. ఒకటి ఇంకోటిగా మారదు."

"అద్దెకున్నవాడు ఖాళీ చేస్తే, ఆ గదిలో ఇంకొకడు దిగినట్టా?"

"అలాగే అనుకోండి."

"మరి ఈ రెండోవాణ్ణి ఖాళీ చేయించడం ఎలా?"

మా వాడు నవ్వాడు. బోదెలో పడ్డాక వాడు నవ్వడం అదే మొదలు.

ఇంటికొచ్చాక అన్నం సగం చేశాను. నూనె తగ్గించాను. పొద్దున్నే కాలవగట్టు మీద నడవమన్నాను. రోజులు గడిచాయి గానీ బిగించిన నవారు మళ్ళీ దిగుతూనే ఉంది. ఎక్కడో గండి పడిందని తెలుస్తోంది. ఎక్కడ?

ఒకరోజు మజ్జిగ తోడు కోసం ఎదురింటి వదిన దగ్గరికి వెళ్ళాను. మా వాడు వాళ్ళ వసారాలో కూర్చుని ఉన్నాడు. కాలవగట్టుకి వెళ్తానని బయల్దేరినవాడు. ముందు పళ్ళెం.

"తీసుకో అల్లుడూ. ఆత్రేయపురం నుంచి మా పుట్టింటివాళ్ళు పంపారు. పూతరేకు బరువేంటి? కాగితం ముక్క! గాలొస్తే ఎగిరిపోతుంది, అది నీ ఒంట్లో ఆగుతుందా?" అంటోంది ఆవిడ.

"వద్దత్తయ్యా, ఇందాకే తిన్నాను..."

"ఎవరింట్లో? ఆ వీధి చివర వాళ్ళింట్లోనా? వాళ్ళింట్లో తిని మా ఇంట్లో వద్దంటావా? నువ్వాడేటప్పుడు మా గేదె పాలు తాగలేదూ? ఇప్పుడు మా చెయ్యి చేదైందా?"

వాడు చెయ్యి చాపాడు. ఆ కాగితం ముక్కల్లో ఎంత నెయ్యి, ఎంత బెల్లంపొడి ఉందో నాకు కనబడుతూనే ఉంది.

అప్పుడర్థమైంది. ఆట ఆగింది గానీ వంతులు ఆగలేదు. వంతులు వెయ్యమన్నవాళ్ళున్నారు, చాలించమన్నవాళ్ళు లేరు. వాడు ఎటు నడిచినా దారిలో ఒక వసారా ఉంది, వసారాలో ఒక పళ్ళెం ఉంది. మా వైపు వద్దంటే వినరు. మొహమాటపడుతున్నాడనుకుని ఇంకాస్త వేస్తారు. డాక్టరు తినొద్దన్నాడంటే, "డాక్టర్లకేం తెలుసు, ఆ ఒంటికి ఇదెంత!" అంటారు. కోప్పడి ఆపుదామా అంటే, నా కొడుకు గెలిచిన కప్పులు ఆ ఇళ్ళ పాలతో, గుడ్లతో గెలిచినవే.

అక్కడే, వాళ్ళ వసారాలోనే, మజ్జిగ గిన్నె చేత్తో పట్టుకుని గట్టిగా అన్నాను, "ఒరేయ్, పళ్ళెం కింద పెట్టు. నీ పేర మొక్కుంది."

వాడు నోరు తెరిచాడు. వదిన, "ఏం మొక్కు వదినా?" అంది.

"పట్టిసీమ వీరభద్రుడికి. వీడి మోకాళ్ళు నిలబడితే స్వామి కొండ నడిపించి ఎక్కిస్తానని. ఆ మొక్కు తీరేదాకా వీడు ఒంటిపూట భోజనం చెయ్యాలి, పరాయి ఇంటి మెతుకు ముట్టకూడదు."

వదిన రెండు చేతులతో చెంపలు వేసుకుంది. "అయ్యో, ముందే చెప్పొద్దూ! నా చేత్తో మొక్కు చెడగొట్టానే!" అని పళ్ళెం లాక్కుని లోపలికి పరిగెత్తింది. డాక్టరు మాటకి లొంగని ఊరు స్వామి మాటకి ఒక్క పూటలో లొంగింది. సాయంత్రానికి వీధి వీధంతా తెలిసిపోయింది.

ఇంటికొచ్చాక వాడడిగాడు, "ఎప్పుడు మొక్కావమ్మా?"

"నోటితో అన్నాను గదా. అన్నప్పుడే మొక్కినట్టు."

ఇక మా వైపు ఒంటిపూట అంటే ఏంటో కూడా చెప్పాలి. రాత్రి అన్నం మానేస్తారు. దాని బదులు కొబ్బరిచట్నీతో మూకుడంత దిబ్బరొట్టె తింటారు. దాన్ని ఫలహారమంటారు. మా ఇంట్లో అది కుదరదని మొదటిరోజే చెప్పాను. రాత్రికి చోడిజావ, అదే రాగిజావ, పల్చటి మజ్జిగ. మొదటి వారం వాడి కోపం చూడాలి! సరిగ్గా దీపాలు పెట్టే వేళకి గిన్నెల మీద విసుగు, చెప్పుల మీద విసుగు, కాకి మీద విసుగు. ఆ వేళ దాటితే మళ్ళీ మామూలు మనిషి. ఆకలికి కూడా గడియారం ఉంటుందని, మనం చూడనట్టు కూర్చుంటే అది కొట్టుకొని ఆగిపోతుందని అప్పుడే చూశాను.

తరవాత ఒళ్ళు దిగడం మొదలైంది. వచ్చిన దారినే పోలేదు, అదీ వింతే. ముందు ముఖం పీక్కుపోయింది. తర్వాత వేలి ఉంగరం వదులై నూతి గట్టు మీద దొరికింది. మెడ మడత పోయింది. పొట్ట మాత్రం చివరిదాకా మొండికేసింది. చంకల కింద, మోచేతుల పైన చర్మం వేలాడింది, పెద్దన్నయ్య చొక్కా తమ్ముడు తొడుక్కున్నట్టు. గురక ఆగిపోయింది. ఆ చప్పుడుకి అలవాటుపడ్డ కోడలికి నిద్ర పట్టక, ఊపిరాడుతోందో లేదోనని లేచి లేచి చూసుకునేదట. పిల్లి మళ్ళీ మంచం కిందికి చేరింది. నవారు, బిగించింది బిగించినట్టే ఉంది.

ఊరికి మాత్రం అది నచ్చలేదు. లావెక్కుతుంటే ఎవరూ కంగారుపడలేదు, తగ్గుతుంటే పడ్డారు. రేషన్ షాపు దగ్గర ఇద్దరాడవాళ్ళు నన్ను చూసి మాట ఆపేశారు. ఎదురింటి వదిన ఓరోజు గొంతు తగ్గించి, "వదినా, నిజం చెప్పు. మొక్కేనా, లోపల ఏదైనా జబ్బుందా? ఆ ముఖం చూడలేకపోతున్నాం," అంది. కళ్ళనీళ్ళు పెట్టుకుంది కూడా. ఊరు తన చేత్తో పెట్టి పెంచిన ఒళ్ళది. కరిగిపోతుంటే వాళ్ళ సొమ్మేదో పోతున్నట్టుంది వాళ్ళకి.

"మనిషి ఎలా ఉన్నాడో ముఖంలో వెతక్కు. నడకలో చూడు," అన్నాను.

నడక చూడాల్సిన రోజు వచ్చింది. కాలవకి నీళ్ళొదిలారు. ఎర్రగా, నురగతో, చెత్తా చెదారం మోసుకుంటూ మొదటి నీరు మా బోదెలోకి తిరిగిన పొద్దున, కౌలురైతు గడప దగ్గరికొచ్చి, "ఏం సెలవండీ బాబుగారూ?" అన్నాడు. మా వాడు పార భుజాన వేసుకున్నాడు.

గట్టు తడిసి ఉంది. చైత్రంలో కన్నా జారుడు. కౌలురైతు ఈసారి వెనక నడిచాడు, పడితే పట్టుకోడానికి. వాళ్ళ వెనక నేను. కొంతదూరం మామూలుగా నడిచాడు మా వాడు. పల్లపు చేను మలుపు దగ్గర, పోయినసారి పడ్డచోట, ఆగాడు. తర్వాత పక్కకి తిరిగాడు. ముఖం బోదె వైపు, వీపు చేను వైపు, మోకాళ్ళు కాస్త వంచి, చేతులు ముందుకు చాపి, ఒక పాదం పక్కకి జరిపి దాని పక్కకి రెండోది చేరుస్తూ, పాదం మీద పాదం దాటకుండా, పక్కవాటుగా నడిచాడు. మూల కాసేవాళ్ళ నడక అది. గట్టు అంచు ఒక్క పెళ్ళ కూడా ఊడలేదు. వేళ్ళు బురదని ఒడిసి పట్టుకున్నాయి.

కౌలురైతు ఆగిపోయి నవ్వాడు. "కూతకి ఎవరూ రావట్లేదండి బాబుగారూ! ఇది వరిచేనండి!"

"వస్తాడేమో చూస్తున్నా," అన్నాడు మా వాడు, తల తిప్పకుండానే.

మలుపు దాటాడు. నీళ్ళు చేలోకి మళ్ళించే మడవ దగ్గర వంగి పారతో మట్టి తీయబోయాడు. నడుము వంగింది గానీ కుడి మోకాలు వంగలేదు. కాలు చాపి, ఒంటికాలి మీద బరువేసి, మూడు పోట్లలో తీసే మట్టి పది పోట్లలో తీశాడు. నీళ్ళు మాత్రం మళ్ళాయి.

ముగ్గురం గట్టు మీద నిలబడి చూశాం. పల్లపు చేలో అప్పుడే పిక్కలోతు దిగబడుతోంది. అందులో కాలు పెడితే ఆ మోకాలు బయటికి రాదు. వాడే అన్నాడు, నేను అనక్కర్లేకపోయింది.

"మెరక మడులు నేను చేస్తాను. పల్లం మీరే ఉంచుకోండి. నీళ్ళు రెండిటికీ నేనే చూస్తాను."

కౌలురైతు, "ఆయ్, నీళ్ళు మీరు చూస్తానంటే నాకు సగం పని తగ్గినట్టేనండి. నా వయసు మాత్రం తగ్గుతోందా ఏంటి?" అన్నాడు. అంతే, అక్కడికక్కడే నారుమడి ఏ మూల వెయ్యాలో ఇద్దరూ చేతులు చూపించుకుంటూ మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. నన్ను మర్చిపోయారు.

ఆ సార్వా పంట మెరక మడుల వరకు మా వాడిదే. బజారులో ఎదురైనవాళ్ళు, "ఏం బాబూ, మీ బోదెకి నీళ్ళందుతున్నాయా?" అని అడగడం మొదలుపెట్టారు. ఆ మాట విని వాడు ఇంటికొచ్చి కోడలికి చెప్పుకోవడం వంటింట్లోంచి విన్నాను.

కోతలయ్యాక వాడే అడిగాడు, "అమ్మా, మోకాలు నిలబడింది గదా. పట్టిసీమ ఎప్పుడెళ్దాం?"

గుమ్మంలోంచి ఎదురింటి వైపు చూశాను. కొత్త బియ్యం వచ్చాయని వదిన వాళ్ళింట్లో అరిసెల పాకం పొంగుతున్న వాసన వీధంతా ఉంది. మొక్కు తీరిందని తెలిస్తే మొదటి పళ్ళెం ఎటు నుంచి వస్తుందో నాకు తెలుసు.

"ఎక్కించడానికి గడువు చెప్పలేదులే. స్వామి ఎక్కడికీ పోడు," అని తవ్వ తీసుకుని, తల కొట్టి, బియ్యం కొలిచాను.